వంకర కుట్టు

వ్యాను వచ్చేలోగా ఏదో ఒకటి తేల్చండమ్మా అని చెప్పి దర్జీ భార్య లోపలికి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ కిటికీ రెక్క బార్లా తీసి వెలుతురు పడేట్టు చేసి మరీ వెళ్ళింది, మంచి మనిషే, కానీ మాటంటే మాట అనే రకం. దర్జీ పోయి ఇంకా ఏడాది తిరగలేదు, ఆయన టేపు గోడకి మేకు మీద అలాగే వేలాడుతోంది, కత్తెర తగిలించే చోట మాత్రం గోడ కత్తెర ఆకారంలో తెల్లగా మిగిలింది. ముందుగదిలో ఇప్పుడున్నది మిషన్లమ్మ, ఆమె ఎదురుగా పీట మీద చేతి మిషను, అంతే. మిషన్లమ్మ అన్నది వీధిలో వాళ్ళు పెట్టిన పేరు, మొదట్లో వెనకాల అనుకునేవాళ్ళు, ఇప్పుడు మొహం మీదే అంటున్నారు, ఆమెకి కోపం రాదు, అలమర మీద మిషను, మంచం కింద మిషను, ఫ్రిజ్ నెత్తిన మిషను పెట్టుకుని బతికే మనిషిని జనం మాత్రం ఇంకేమంటారు. చాప మీద కూర్చోడానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు, కసిరి కూర్చోబెట్టింది. చేతి మిషన్ని నిలబడి చూస్తే దుమ్ము కనపడుతుంది, కూర్చుని చూస్తేనే మిషను కనపడుతుంది.

ఈ మిషన్ని షోరూం వాళ్ళకి ఇస్తానని ఇంటావిడ ముందే మాటిచ్చేసింది. బట్టల షోరూం అద్దాల వెనక వరసలు వరసలుగా పేర్చడానికి పాత మిషన్లు కావాలట వాళ్ళకి. బంగారు రంగు కొడతారు, చక్రం కదలకుండా అతికేస్తారు, ఇక అది మిషను కాదు, మిషను బొమ్మ. అలాంటి కిటికీ ఒకటి ఆమె బజారులో చూసింది, సంచీ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయి చూసింది, ఒక్కదానికీ సూది లేదు, ఒక్కదానిలోనూ దారం లేదు, అన్నీ మొహాలు ఒకే వైపు తిప్పి నిలబడ్డ బడిపిల్లల్లా ఉన్నాయి, ఇంటికొచ్చాక కూడా అన్నం సయించలేదు. అందుకే ఇవాళ, ఇది మా అమ్మ మిషనేమో, నాకివ్వండి అని బతిమాలింది. ఎప్పుడూ ఎవర్నీ బతిమాలని మనిషి, బతిమాలింది. ఇంటావిడ కాసేపు ఆమె మొహంలోకి చూసి, "మీ అమ్మగారిదే అని గుండె మీద చెయ్యేసి చెప్పండి, వాళ్ళకి నేను సర్దిచెప్పుకుంటాను. ఊరికే ఇంకో పాత మిషను కావాలంటే మాత్రం ఇచ్చిన మాట ఇచ్చిందే" అంది. న్యాయమైన మాట. అక్కడే వచ్చింది చిక్కంతా.

గుర్తు ఉంది. చెక్క మీద, కుడి పక్కన, ఇస్త్రీపెట్టె మొన దిగి మాడిన మచ్చ. అక్క చెప్పిన గుర్తు అదొక్కటే, అక్క కళ్ళారా చూసింది, అమ్మ పోయేనాటికి అక్క జడ తనే వేసుకునేంత పిల్ల, ఈమె మాటలు కూడా సరిగ్గా రాని పిల్ల, అమ్మ మొహం గుర్తులేదు, గొంతు గుర్తులేదు, ఒడి గుర్తులేదు, అమ్మ అనగానే అందరికీ ఏదో ఒకటి వస్తుందట, వాసనో, చేతి గాజో, ఆమెకి అక్కడ తెల్లగోడే, కత్తెర తీసేసిన గోడలా. మచ్చ మీద బొటనవేలు పెట్టి రాసింది. నున్నగా ఉంది. కానీ ఇస్త్రీపెట్టె ఉన్న ఇంట్లో మాడిన చెక్క ఉండడం ఏం వింత, ఈ ఆశతోనే కొని తెచ్చుకున్న మాడు మచ్చల మిషన్లు ఇంట్లో ఇప్పటికే రెండున్నాయి, రెండో దాన్ని తెచ్చినప్పుడు మొగుడు చూసి, ఏమే, మీ అమ్మ ఇంకెన్ని మిషన్ల మీద కుట్టిందే అన్నాడు, నవ్వుతూనే అన్నాడు పాపం. అంచు వెంబడి చెక్క గాట్లు పడి ఉంది, ఎలకేమో, దర్జీ ఇళ్ళల్లో ఎలకలు మామూలే, గంజి వాసనకి వస్తాయి. మచ్చని నమ్మడానికి లేదు. నమ్మాల్సింది కుట్టుని.

కుట్టు అబద్ధమాడదని ఆమె నమ్మకం. బట్టల ఫ్యాక్టరీలో ఆమె చేసింది అదే పని, కుట్లు తనిఖీ, బల్ల మీద చొక్కాలు గుట్టగా వచ్చి పడేవి, లైటు కింద చేతులు, మెడ, అంచు, చేతులు, మెడ, అంచు, కళ్ళు మూసుకున్నా అవే కనపడేవి. చేరిన కొత్తలో ఒక వంకర కుట్టు పట్టుకుని ఫలానా పిల్ల కుట్టిందని వేలు చూపించింది, తప్పు పట్టానన్న గర్వంతో. సూపర్‌వైజరు పెద్దావిడ, బొంగురు గొంతు, ఆమెని పక్కకి పిలిచి, "ఆడలేక మద్దెల ఓడని అందరూ అంటారే. ఇక్కడ మనం మద్దెలనే ముందు చూస్తాం. కుట్టు తప్పితే ముందు మిషన్ని అడుగు. మనిషిని తర్వాత అడుగు" అంది. ఆ పిల్ల మిషను విప్పి చూస్తే నిజంగానే గుడ్డని ముందుకు లాగే పళ్ళు ఒక పక్క అరిగిపోయి ఉన్నాయి. ఆ రోజు తల కొట్టేసినట్టయింది ఆమెకి. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఏ పిల్ల మీదా వేలెత్తలేదు, ముందు మిషనే, ముందు మిషనే, అలా ఆ బుద్ధి ఒంటికి పట్టేసింది.

అలాగే మిషన్లూ ఒంటికి పట్టాయి. లోపల పడవలాంటి షటిల్ ఊగే రకం ఒకటుంది ఇంట్లో, దాని చప్పుడు మెత్తగా ఉంటుంది, కుట్టు మాత్రం కొంచెం వదులు, మొహమాటస్తురాలు. గుండ్రటి బాబిన్ రకం ఇంకోటి, కుట్టు గట్టిగా పడుతుంది, తిట్టినట్టు పడుతుంది. బరువు చక్రం ఉన్నది పిడి వదిలేసినా నాలుగు కుట్లు తనంతట తనే వేసుకుని గాని ఆగదు, మాట అయిపోయాక కూడా గొణిగే ముసలాయనలా. పక్కపక్కన పెట్టి ఒకే రకం గుడ్డ పేలికమీద అన్నిటితోనూ కుట్టి, కిటికీకి ఎత్తి పట్టి చూస్తుంది, ఏ మిషను కుట్టు దానిదే, దస్తూరీ లాంటిది, కళ్ళకి గంతలు కట్టి తడిమినా చెప్పగలదు ఇది ఎవరిదో. మిషను కొన్నా కొనకపోయినా పేలిక కుట్టి తెచ్చుకుంటుంది. ఊళ్ళో ఎక్కడ పాత మిషను అమ్ముతున్నారని తెలిసినా సంచీలో ఆ గుడ్డ, దారం, సూది, చిన్న నూనె డబ్బా వేసుకుని బయల్దేరుతుంది. ఇంకోటి కూడా ఎప్పుడూ సంచీలో ఉంటుంది. గౌను.

గౌను తీసి ఒళ్ళో పరుచుకుంది. పసిపిల్ల గౌను, జానెడు ఒళ్ళు, వెలిసిపోయిన నీలం, అమ్మ కుట్టింది, అమ్మ తన కోసం కుట్టింది ఇదొక్కటే మిగిలింది. అంచు కుట్టు తిన్నగా మొదలవుతుంది, బెత్తెడు పోయేసరికి మెల్లగా ఎడమకి ఒరుగుతుంది, అక్కడ ఆగుతుంది, రెండు మూడు కుట్లు ఒకదాని మీద ఒకటి ముద్దగా పడతాయి, మళ్ళీ దారిలోకొస్తుంది, మళ్ళీ ఒరుగుతుంది. అంచు చుట్టూ అంతే. కుక్కతోకలా ఉందే నీ గౌను అంచు అని అక్క ఎప్పుడూ ఏడిపిస్తుంది. అక్క దగ్గర కూడా ఒక గౌను ఉంది, అక్క చిన్నప్పటిది, అదీ అమ్మ కుట్టిందే, దాని కుట్టు గీత గీసినట్టుంటుంది, తను భూతద్దం పెట్టి మరీ చూసింది, ఎక్కడా ఒరగలేదు. అప్పుడే ఆమెకి తట్టింది, అక్కప్పటికి మిషను కొత్తది, తనప్పటికి పళ్ళు అరిగాయి, ఎడమ పక్క పళ్ళు. ఎంత తేలిగ్గా తేలిపోయిందో. ఎడమకి లాగే మిషను ఎక్కడ దొరికితే అదే అమ్మ మిషను. అలా మొదలైంది వెతుకులాట, జుట్టు నెరిసినా ఆగలేదు.

ఎందుకే అంత పంతం అని మొగుడు అడిగితే పాతవస్తువుల పిచ్చి అనుకో అని తప్పించుకుంది. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. అమ్మ పోయాక అక్కని అమ్మమ్మ తీసుకెళ్ళింది, తనని అత్త పెంచింది, నాన్న చెల్లెలు. అత్త చెడ్డది కాదు, కడుపు నింపింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, నోరే కొంచెం దురుసు. చిన్నప్పుడు ఒకసారి అడిగింది అత్తని, అమ్మ నన్ను ఎత్తుకునేదా అని. అత్త బియ్యం ఏరుతూ తలెత్తకుండానే, "నిన్నెత్తుకునే తీరిక ఎక్కడిదే మీ అమ్మకి. నేనెప్పుడొచ్చినా గుమ్మానికి వీపు తిప్పి, కిటికీ వైపు కూర్చుని, గిర్రుగిర్రుమని ఆ పిడి తిప్పుతూనే ఉండేది. ఆమెకి మిషనే బిడ్డ" అంది. అనేసి మర్చిపోయింది అత్త. ఆమె మర్చిపోలేదు. ఆ తర్వాత ఇంకెవర్నీ అడగలేదు, అక్కని కూడా, అక్క కూడా అదే మాట అంటే ఇక తట్టుకోలేనని. మిషన్ల మీద ఇష్టమో, తన చోటు లాక్కున్న దాన్ని ఒక్కసారి కళ్ళారా చూడాలన్న కసో ఆమెకే తెలీదు. నన్ను కాదని అమ్మ ఎవర్ని ఒళ్ళో పెట్టుకుందో దాన్ని చూడాలి. చూడాలి, అంతే.

పేలిక తీసింది, సూది మార్చింది, రెండు చుక్కలు నూనె పోసి నాలుగు చుట్లు ఉత్తినే తిప్పింది. కొంచెం మొరాయించి తిరిగింది, చప్పుడు బాగుంది, లోపల ఏదీ వదులుగా లేదు. గుడ్డని నొక్కి పట్టే పాదం దించి, ఎడమ చేత్తో గుడ్డ పట్టి, కుడి చేత్తో పిడి తిప్పింది, గుండె గొంతులో కొట్టుకుంటోంది ఈ వయసులో, పెళ్ళిచూపులకి కూడా ఇంత కొట్టుకోలేదు. బెత్తెడు, జానెడు, మూరెడు. ఆపి, వంగి చూసింది. తిన్నగా ఉంది. చెయ్యి సాయం ఎక్కువైందేమోనని వేళ్ళు కొంచెం వదులు చేసి మళ్ళీ కుట్టింది. తిన్నగానే ఉంది. పాదం ఎత్తి కింద పళ్ళ మీద గోరు పెట్టి రాసింది, రెండు పక్కలా ఒకేలా గరుగ్గా తగిలాయి, అరగలేదు, మార్చిన గుర్తులూ లేవు, మరలు ఒక్కసారి కూడా విప్పినట్టు లేదు. అంటే ఈ మిషను పుట్టి ఎన్నడూ ఎడమకి లాగలేదు. అంటే ఇది కాదు.

ఇది కాదు. మచ్చ ఉంది కానీ ఇది కాదు. లోపలినుంచి పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది, ఇంటావిడ ఏదో పాట లాంటిది గొణుగుతోంది, ఏడుపు ఆగడంలేదు. చెప్పేస్తే ఏం పోయింది, మా అమ్మదే అని చెప్పేస్తే, ఎవరు చూడొచ్చారు, కనీసం ఒక మిషను బొమ్మ కాకుండా మిగులుతుంది, అది పుణ్యం కాదా. కానీ గుండె మీద చెయ్యేసి అంది ఆవిడ. తప్పు కుట్టుకి సరే అని ముద్ర కొట్టమని మేనేజరు ఎన్ని రకాలుగా చెప్పినా కొట్టని చెయ్యి ఇది. నాన్న ఎవరికమ్మాడో ఆ మిషన్ని, అమ్మ పోయిన నెలలోనే అమ్మేశాడట, ఆ చప్పుడు చెవుల్లో తిరుగుతోందని, ఎవరిచేతిలో పెట్టాడో నాన్నకే గుర్తులేదు, తర్వాత అడిగితే తల వంచుకుని చెయ్యి ఊపేసేవాడు. అదెక్కడో ఇనుప సామానులో కరిగిపోయి ఉంటుంది. కరిగి ఏ మేకో, ఏ గొళ్ళెమో అయి ఉంటుంది. ఇక చాలు. ఇంటికెళ్ళి అన్నీ ఎవరికో ఇచ్చేసి, మంచం కింద ఊడ్చుకుని, అందరిలా ముసలితనం గడపొచ్చు. కళ్ళు చెమర్చాయి, తుడుచుకోలేదు. పేలిక ఇంకా పాదం కిందే ఉంది, తియ్యాలన్న ఓపిక లేదు.

ఇంటావిడ బిడ్డని భుజాన వేసుకుని హడావిడిగా వచ్చింది. "కాస్త పట్టుకోండమ్మా మా మనవరాల్ని. కోడలు బయటికెళ్ళింది, పాలు పొయ్యి మీదున్నాయి. దించితే చాలు, వీధి వీధంతా లేపుతుంది" అని, అవుననేలోపే ఆమె ఒళ్ళో పెట్టేసి పరిగెత్తింది. తడి మొహం, వేడి ఒళ్ళు, పాలవాసన. ఎడమ చేత్తో నడుం చుట్టి పొదివి పట్టుకుంది, పిల్ల వెనక్కి విరుచుకుని ఒకటే ఏడుపు. ఆమె కూడా కన్నది, పెంచింది, కానీ మిషను ముందు ఒళ్ళో బిడ్డతో ఎప్పుడూ కూర్చోలేదు, ఫ్యాక్టరీ గేటు లోపలికి పిల్లల్ని రానిచ్చేవాళ్ళు కాదు, పిల్లలు తనని పెంచిన అత్త దగ్గరే పెరిగారు. ఏం చేసి ఊరుకోబెట్టాలో తోచక కుడి చేత్తో పిడి ఒక చుట్టు తిప్పింది. టకటక మంది. పిల్ల గుటుక్కున ఏడుపు మింగింది. ఇంకో చుట్టు. పిల్ల కన్నీళ్ళ కళ్ళతో సూదికేసి చూసింది. ఓహో నీకు ఇదా కావాలి, కోతీ, అని మెల్లగా తిప్పడం మొదలెట్టింది, ఒక లయలో, ఎక్కడికీ వెళ్ళనక్కర్లేని మనిషిలా. పిల్ల ఒళ్ళంతా మెత్తబడి ఆమె రొమ్ముకి ఆనుకుంది. కాసేపటికి చెయ్యి చాపి పేలిక చివర పట్టుకుని తన వైపు లాక్కుంది, అది వద్దమ్మా, సూది, సూది, అని ఆమె ఆపి, పిడి వదిలి, కుడి చేత్తోనే గుడ్డని దారిలో పెట్టి, ముందుకి సర్ది, మళ్ళీ తిప్పింది. మళ్ళీ లాగింది. మళ్ళీ ఆపింది. పిల్లకి లాగడం విసుగొచ్చిందేమో, ముందుకి వాలి చెక్క అంచు నోట్లో పెట్టుకుని చిగుళ్ళతో నమలడం మొదలెట్టింది, సరిగ్గా ఆ గాట్లున్న చోట.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

పాదం వెనక నుంచి పేలిక జారి వేలాడుతోంది. ఎత్తి కిటికీ వెలుతురుకి పట్టనక్కర్లేదు, అయినా పట్టింది. తిన్నగా మొదలైన కుట్టు, బెత్తెడు పోయి, ఎడమకి ఒరిగి, ఆగి, రెండు మూడు కుట్లు ముద్దగా పడి, మళ్ళీ దారిలోకొచ్చి, మళ్ళీ ఒరిగి. పక్కనే గౌను. రెండు అంచులూ పక్కపక్కన పెట్టింది, ఎన్ని వేల చొక్కాల అంచులు చూసిన కళ్ళో అవి, వాటికి ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అని అత్త తిట్టేది తనని, కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికినప్పుడల్లా. అత్త ఎప్పుడొచ్చినా గుమ్మంలోంచి చూసింది వీపు. వీపూ, తిరిగే కుడి మోచెయ్యీ. ఎడమ చెయ్యి ఎక్కడుందో గుమ్మంలోంచి కనపడదు. కుట్టు తప్పితే ముందు మిషన్ని అడుగు, మనిషిని తర్వాత అడుగు. అడిగింది, ఊరూరా తిరిగి ఎన్ని మిషన్లనో అడిగింది, అడిగి అడిగి రెండో మాట మర్చేపోయింది.

కుడి చేత్తోనే ఫోను తీసి, అక్కకి కలిపి, స్పీకరు పెట్టి చెక్క మీద ఉంచింది, మచ్చ పక్కన.

"ఏంటే, ఈ వేళప్పుడు?" అంది అక్క.

"అక్కా, అమ్మ నన్ను ఎత్తుకునేదా?"

"ఎత్తుకునేదా అంటావేంటే. అసలు దించితే కదా ఎత్తుకోడానికి. పళ్ళొచ్చే రోజుల్లో ఒళ్ళో కూర్చుని మిషను చెక్కంతా కొరికేసేదానివి, నేను కసిరితే అమ్మ నన్నే తిట్టేది. నాకు జడ వెయ్యమ్మా అని వెనక నిలబడితే, చెయ్యి ఖాళీ లేదు తల్లీ అనేది. అందుకే కదా జడ వేసుకోడం అంత చిన్నప్పుడే నేర్చుకున్నాను." అక్క గొంతులో పాత కోపం కొంచెం పలికి, తర్వాత అదీ పోయింది. "నీకు తెలుసనుకున్నానే. ఇన్నేళ్ళూ అడగలేదేం?"

ఆమె మళ్ళీ చేస్తానక్కా అంది. పాప తల మీద గడ్డం ఆనించింది. ఏడుపు వచ్చింది, రానిచ్చింది, ఇన్నేళ్ళలో మొదటిసారి అమ్మ కోసం ఏడ్చింది, అమ్మ మీద కాకుండా. గుర్తు రావడానికి ఇప్పుడు కూడా ఏమీ రాలేదు, మొహం రాలేదు, గొంతు రాలేదు. కానీ ఎడమ చేతికి బరువు తెలుస్తోంది, ఎంత బరువో, కుట్టు ఎంత దూరం ఒరిగితే చెయ్యి ఆపి సర్దాలో తెలుస్తోంది, గౌను అంచు చుట్టూ అలా ఎన్నిసార్లు ఆపిందో వేలితో తడిమి చూసుకోవచ్చు. దించేసి కుట్టుకుంటే ఎంతసేపు పని. దించలేదు.

బయట వ్యాను హారను మోగింది. పాప ఉలిక్కిపడి ఆమె రవిక పట్టుకుంది. ఇంటావిడ పాలసీసా కొంగుతో తుడుచుకుంటూ వచ్చి, పేలికనీ, గౌనునీ, తడిసిన మొహాన్నీ చూసి గుమ్మంలోనే ఆగింది.

"వాళ్ళొచ్చేశారమ్మా. ఏం చెప్పమంటారు? గుండె మీద చెయ్యేసి చెప్పండి."

ఆమె ఎడమ చేతిలో పాప ఉంది. కుడి చెయ్యి పిడి మీద ఉంది.

"చెయ్యి ఖాళీ లేదమ్మా" అంది. "మా అమ్మదే."